ఊరి ఆట చూడటానికి చందా కట్టాలా? ఐర్లాండ్‌లోని మా హర్లింగ్ క్లబ్బుకు ఏమని రాయమంటారు?

నాచారం కెమిస్ట్ (ప్రశ్న)

నమస్కారం. ఐర్లాండ్‌లోని కార్క్ కౌంటీలో నేను సభ్యురాలిగా ఉన్న హర్లింగ్ (అక్కడి కర్ర, బంతి ఆట) క్లబ్బు కార్యదర్శి నుంచి పోయిన వారం ఒక ఉత్తరం వచ్చింది. కౌంటీల మధ్య జరిగే పోటీల ప్రత్యక్ష ప్రసారాలు చందా కట్టినవారికే దక్కడం న్యాయమా అన్న విషయంపై ఈ శీతాకాలం జరిగే వార్షిక సమావేశంలో ఒక తీర్మానం పెట్టదలిచామనీ, దూరాన ఉన్న సభ్యులు కూడా తమ అభిప్రాయం రాసి పంపాలనీ దాని సారాంశం. క్లబ్బులో నెగ్గిన తీర్మానం కౌంటీ సభకు వెళ్తుంది. అక్కడా నెగ్గితే, దేశమంతటా ఈ ఆటను నడిపే జీఏఏ అనే సంఘం వార్షిక మహాసభ దాకా పోతుంది. కనుక రెండు వాక్యాలు రాసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ప్రసార రంగంలో పనిచేసినవారు, పిల్లలకు ఆటలు నేర్పేవారు, చట్టం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి మీ సలహా కోరుతున్నాను.

నేను మందుల నాణ్యత పరీక్షించే కెమిస్టును. 2013 నుంచి 2022 వరకు కార్క్ దగ్గర ఒక ఔషధ కర్మాగారంలో పనిచేశాను. మా అమ్మాయి అక్కడే బడిలో చేరింది, అక్కడే కమోగీ నేర్చుకుంది. హర్లింగ్‌ను ఆడపిల్లలు ఆడితే కమోగీ అంటారు. చివర వెడల్పుగా ఉండే కర్ర, చిన్న తోలు బంతి, జట్టుకు పదిహేను మంది. బంతిని అడ్డకమ్మీ కిందుగా వలలోకి కొడితే గోల్, దానికి మూడు పాయింట్లు. కమ్మీ పైనుంచి పంపితే ఒక పాయింటు. మైదానం గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఆటను నాకు అర్థమయ్యేలా చెప్పినది మా పక్కింటి పెద్దావిడ. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటాయి. మా అమ్మాయి ఆవిడను మన మాటతోనే మామ్మ అని పిలిచేది. అత్తగారి ఆరోగ్యం కోసం మేము హైదరాబాద్ వచ్చేశాక కూడా మామ్మతో ఫోను మాటలు ఆగలేదు.

ఈ ఆటలతో పరిచయం లేనివారి కోసం కొంత చెప్పాలి. 1884 నవంబర్ 1న థర్లెస్ పట్టణంలో పుట్టిన జీఏఏ అనే సంఘం హర్లింగ్‌నూ గెయిలిక్ ఫుట్‌బాల్‌నూ నడుపుతుంది. ఆటగాళ్లకు జీతాలు లేవు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఎనభై రెండు వేల మంది ముందు ఆల్ ఐర్లాండ్ ఫైనల్, అంటే దేశస్థాయి పోటీ ఫైనల్, ఆడిన కుర్రవాడు, సంబరం ముగియగానే మళ్లీ బడిలో పాఠం చెప్పడానికో, పొలం పనికో వెళ్తాడు. సాధారణంగా తాను పెరిగిన కౌంటీకే ఆడతాడు, వేలంపాటలు ఉండవు. అందువల్ల అక్కడ కౌంటీ జట్టు అంటే తమ వీధిలో తిరిగిన పిల్లలే.

1962 నుంచి ఫైనళ్లను జాతీయ ప్రసార సంస్థ ఆర్‌టీఈ టీవీలో చూపిస్తోంది. టీవీ ఉన్న ఇల్లు ఏటా 160 యూరోల లైసెన్సు రుసుము కట్టాలి. అంతకుమించి ఆట చూడటానికి ఏమీ కట్టనక్కరలేకుండా తరాలు గడిచాయి. 2014లో కొన్ని మ్యాచ్‌లు స్కై అనే చందా ఛానెల్‌కు వెళ్లాయి. ఆ ఒప్పందం 2022తో ముగిశాక, 2023 నుంచి దేశం లోపల కూడా జీఏఏగో అనే ఇంటర్నెట్ సేవ ముందుకు వచ్చింది. దాన్ని 2014లో విదేశాల్లోని ప్రేక్షకుల కోసం ఆర్‌టీఈ, జీఏఏ కలిసి స్థాపించాయి. 2023 ఛాంపియన్‌షిప్‌లో ఆర్‌టీఈకి 31 మ్యాచ్‌లు, జీఏఏగోకు 38 మ్యాచ్‌లు దక్కాయి. సీజన్ మొత్తానికి 79 యూరోలు, అంటే అప్పటి మారకం రేటులో ఇంచుమించు ఏడు వేల రూపాయలు. ఒక్క మ్యాచ్‌కైతే 12 యూరోలు. ఆ ఏప్రిల్ 29న, అంతకు ముందు వరుసగా మూడేళ్లు ఆల్ ఐర్లాండ్ గెలిచిన లిమరిక్ కౌంటీని క్లేర్ కౌంటీ ఓడించింది. మరుసటి శనివారం కార్క్ 4-19 (అంటే నాలుగు గోల్స్, పంతొమ్మిది పాయింట్లు), టిప్పరరీ 2-25 చేసి ముప్పై ఒకటికి ముప్పై ఒకటిగా సమానమయ్యాయి. రెండూ చందాదారులకే కనిపించాయి. అప్పుడు లేచిన గొడవలో, కార్క్ మనిషే అయిన అప్పటి ఉపప్రధాని మీహోల్ మార్టిన్ కూడా గొంతు కలిపారు. 2024 చివర్లో ఆర్‌టీఈ ఆ సేవ నుంచి తప్పుకుంది. 2025 నుంచి జీఏఏ దాన్ని ఒంటరిగా, జీఏఏ ప్లస్ అన్న కొత్త పేరుతో నడుపుతోంది.

నన్ను కదిలించినది 2024 మే 11 రాత్రి. కార్క్, లిమరిక్ జట్లు కార్క్ నగరంలోనే ఆడాయి. అది కూడా చందా మ్యాచే. మామ్మ ఇంటి నుంచి ఆ మైదానం ఇరవై కిలోమీటర్లు ఉండదు. ఆవిడ వంటగదిలో రేడియో పెట్టుకుని విన్నారు. నేను నాచారంలో, ఇంట్లో అందరూ నిద్రపోయాక, లాప్‌టాప్‌లో చూశాను. ఆఖరి ఘడియల్లో వచ్చిన పెనాల్టీతో కార్క్ 3-28, 3-26 తేడాతో గెలిచింది. ఐదు నిమిషాలకు ఫోను మోగింది. బంతి ఏ మూలకు పోయింది, గోల్‌కీపర్ ఎటు దూకాడు, కొట్టిన తరువాత ఆ కొట్టినవాడి ముఖం ఎలా ఉంది అని మామ్మ ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నారు. పుట్టినప్పటి నుంచీ ఆ జట్టును చూస్తున్న మనిషి, తన ఊరి పక్కన జరిగిన ఆటను హైదరాబాద్ నుంచి చెప్పించుకోవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

అయితే డబ్బు అక్కరలేదని నేను అనలేను. క్లబ్బులో నాలుగేళ్లు టీ, బ్రెడ్డు అందించే పని చేశాను. బంతులు, శిరస్త్రాణాలు, మైదానం కరెంటు బిల్లు ఎంత అవుతాయో చూశాను. కాబట్టి తీర్మానంలో ఏమి కోరాలి? అన్ని మ్యాచ్‌లూ ఉచితంగా చూపాలని అడగడం సబబేనా?


రామంతపూర్ ఇంజనీరు

అమ్మా, నేను దూరదర్శన్‌లో ప్రసార ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అన్నీ ఉచితంగా కావాలని అడిగితే మీ తీర్మానం మొదటి ప్రశ్నకే పడిపోతుంది. కారణం క్యాలెండరులో ఉంది. 2018లో హర్లింగ్‌కు మన్‌స్టర్, లెన్‌స్టర్ ప్రాంతాల్లో అయిదేసి జట్లు ఒకదానితో ఒకటి ఆడే పద్ధతి తెచ్చారు. 2022లో ఫైనళ్లను జులైకి జరిపి, ఏడాదిలో రెండో సగాన్ని క్లబ్బు పోటీలకు వదిలారు. 2023లో ఫుట్‌బాల్‌కు కూడా పదహారు జట్ల గ్రూపు దశ వచ్చింది. అంటే మ్యాచ్‌లు పెరిగాయి, వాటిని సర్దవలసిన నెలలు తగ్గాయి. ఆటలు దాదాపు అన్నీ శని ఆదివారాల్లోనే, అదీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం మధ్యలోనే. ఒక ఛానెల్‌లో ఒక సమయానికి ఒక మ్యాచే పడుతుంది. ఈ మాట జీఏఏ ప్రతినిధులు తప్పక ఎత్తుతారు, అందులో నిజం ఉంది.

కానీ ఆ వాదనలో నేను ఒప్పుకోని భాగం కూడా ఉంది. మ్యాచ్ చూపించడంలో పెద్ద ఖర్చంతా మైదానం దగ్గరే అవుతుంది. ఓబీ వ్యాను (మైదానం దగ్గర నిలిపే ప్రసార వాహనం), కెమెరాలు, మనుషులు, సిగ్నల్ పంపే లింకు, ఇవన్నీ ఇంటర్నెట్ ప్రసారానికీ కావలసినవే, ఎలాగూ పెడుతున్నవే. తయారైన అదే సిగ్నల్‌ను మరో ఉచిత ఛానెల్‌కు కలపడానికి అయ్యే అదనపు ఖర్చు, మొదటిదానితో పోలిస్తే చాలా స్వల్పం. పోయేది చందా రాబడి. అది చిన్న విషయం కాదు, కాని దాన్ని సాంకేతిక ఇబ్బందిగా చెప్పకూడదు. పైగా అక్కడ ఆర్‌టీఈ ఒక్కటే లేదు. 1996లో మొదలైన ఐరిష్ భాషా ఛానెల్ టీజీ4 లీగు మ్యాచ్‌లు, క్లబ్బు మ్యాచ్‌లు, మహిళల ఫుట్‌బాల్ ఎన్నో ఏళ్లుగా చూపిస్తోంది. శనివారం సాయంత్రం మ్యాచ్‌కు చోటు వెతకాలంటే అక్కడ అడగవచ్చు.

మరొక మాట, దీన్ని మన అనుభవంతో చెబుతున్నాను. ఉచితం అని రాసినంత మాత్రాన సరిపోదు, ఏ దారిన ఇంటికి చేరుతుందో కూడా రాయాలి. మన దేశంలో 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రైవేటు ఛానెల్ ప్రసార భారతితో పంచుకోవాలి. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత టవర్ల ద్వారా, తన సొంత ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే చూపాలని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా వెళ్లకూడదని తీర్పు చెప్పింది. దాని ఫలితం మా కుటుంబంలోనే ఉంది. జనగామ దగ్గర పల్లెలో ఉన్న మా చెల్లెలు ఫ్రీ డిష్‌లో నెలకు పైసా కట్టకుండా భారత జట్టు మ్యాచ్ చూస్తుంది. రామంతపూర్‌లో, దూరదర్శన్ కేంద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటూ, కేబుల్ పెట్టుకున్న నాకు అదే దూరదర్శన్ ఛానెల్‌లో ఆ మ్యాచ్ రాదు. ఐర్లాండ్‌లో 2012 అక్టోబర్ 24న పాత అనలాగ్ టవర్లు ఆపేశాక సోర్‌వ్యూ అనే డిజిటల్ యాంటెనా సేవ మిగిలింది. దానికి నెలవారీ చందా లేదు. ఆర్‌టీఈ, టీజీ4 రెండూ అందులో వస్తాయి. కనుక మీ తీర్మానంలో యాంటెనాతో అందే ఛానెల్ అన్న మాట ఉండాలి. ఇంటర్నెట్‌లో ఉచితం అని రాస్తే మీ మామ్మగారికి ఉపయోగం లేదు.


ఉప్పల్ పీఈటీ

చెల్లెమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా నేను అవతలి పక్షం చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నవాడిని.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరింది. అక్కడి నుంచి 2014 దాకా వరుసగా ఏడు ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు స్వర్ణం తెచ్చింది. ఏడు సార్లు. ఆ కాలంలో ఉచిత టీవీ ఇంటింటా ఉంది. 2014కు ముందు నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఆ ఫైనళ్లలో ఒక్కదాన్నైనా చూశామని చెప్పినవాడు నాకు గుర్తు లేడు. ఆ జట్లలో ఆడినవారి పేర్లు నేను నోటితో చెప్పి, నల్లబల్ల మీద రాసి నేర్పవలసి వచ్చేది. 2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైంది. చూపించినది చందా ఛానెల్. వాళ్లు కోర్టు చుట్టూ కెమెరాలు పెట్టారు, రైడర్ కాలు బోనస్ గీత దాటిందో లేదో ఆపి చూపించారు, తెలుగు టైటాన్స్ అని మన పేరుతో ఒక జట్టు పెట్టారు. అయిదారు నెలల్లో మా మైదానంలో పిల్లలు వాళ్లంతట వాళ్లే డుబ్కీ, అంటే పట్టుకునేవారి చేతుల కిందుగా వంగి తప్పించుకునే ఎత్తు, వేయడానికి ప్రయత్నించడం చూశాను. అంతకు ముందు ఆ విద్యను నేను చేసి చూపిస్తే నవ్వేవారు.

అందుచేత నా ప్రశ్న ఒక్కటే. చందా సేవలో వచ్చిన ఆ 38 మ్యాచ్‌లలో ఎన్నింటిని అది లేకపోతే ఎవరైనా చూపించి ఉండేవారు? పేరున్న జట్ల మ్యాచ్‌ను ఉచిత ఛానెల్ కూడా తీసుకుంటుంది. చిన్న కౌంటీ మాటేమిటి? ఆ కౌంటీ పిల్లవాడికి తన జట్టు తెరమీద కనబడటం చందా వల్లనే సాధ్యమైతే, ఆ చందాను తప్పుపట్టే ముందు ఆలోచించాలి. ఆ డబ్బు ఏ యజమాని జేబులోకీ పోకుండా, జీతాలు లేని ఆటకు, మైదానాలకు, శిక్షకులకు తిరిగి వస్తోందంటే నాకు అది చిన్న విషయంగా కనిపించదు. మా జిల్లా సంఘానికి అలాంటి రాబడి ఒక్క ఏడాది ఉన్నా మ్యాట్ల కోసం దాతల గడప తొక్కే అవసరం ఉండేది కాదు.


తార్నాక క్రికెట్ అభిమాని

మాస్టారూ, మీరు చెప్పినది తొలి మెట్టుకు సరిపోతుంది. కెమెరా లేని ఆటకు కెమెరా రావడం మేలే. అప్పటికే ఇంటింటా కనబడుతున్న ఆటను తలుపు వెనక్కి తీసుకువెళ్తే ఏమవుతుందో ఇంగ్లండ్ క్రికెట్ చూపించింది. 2005లో ఇంగ్లండ్ ఆస్ట్రేలియాను ఓడించిన యాషెస్ సిరీస్‌ను ఛానెల్ 4 ఉచితంగా చూపింది. లక్షల ఇళ్లలో ఆ వేసవంతా అదే మాట. మరుసటి ఏడాది నుంచి హక్కులన్నీ స్కైకి వెళ్లాయి. బోర్డుకు రాబడి పెరిగింది, శిక్షణ కేంద్రాలకు, మహిళల క్రికెట్‌కు ఖర్చు పెట్టారు, దాన్ని కాదనను. కానీ 2019 జులై 14న లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌కు ఇంగ్లండ్ చేరినప్పుడు, దేశమంతా చూడాలంటే స్కై తన సిగ్నల్‌ను ఛానెల్ 4తో పంచుకోవలసి వచ్చింది. పధ్నాలుగేళ్లపాటు చందా లేని ఇంట్లో పెరిగిన పిల్లలకు తమ దేశం ఆడే క్రికెట్‌ను ప్రత్యక్షంగా చూడటం అదే మొదటిసారి. ఆ తరువాత బోర్డు కొత్త పోటీ పెట్టినప్పుడు కొన్ని మ్యాచ్‌లను బీబీసీకి ఇచ్చింది. డబ్బు కావలసినంత ఉన్న బోర్డు కూడా ఉచిత తెర కోసం వెనక్కి తిరిగి వచ్చిందంటే, అక్కడ పోయినదేదో డబ్బుతో తిరిగి రాలేదనే కదా అర్థం.


హిమాయత్‌నగర్ వకీలు

చట్టం దారి గురించి కొంత చెబుతాను. 1993 హీరో కప్ ప్రసారాల తగాదా నుంచి పుట్టిన కేసులో, 1995 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. క్రీడా ప్రసారాల మీద ఆ తరువాత మనం చేసిన ఆలోచనంతా ఆ మాట మీద నిలబడినదే. 2007 చట్టం దానికి ఒక రూపం. సిగ్నల్ పంచుకున్నప్పుడు టీవీ ప్రకటనల రాబడిలో హక్కుదారుకు 75 శాతం, ప్రసార భారతికి 25 శాతం. హక్కుదారు పూర్తిగా నష్టపోకుండా, ప్రేక్షకుడు పూర్తిగా బయట ఉండిపోకుండా చేసిన ఏర్పాటు అది.

ఈ చట్టంలో లోపమంతా జాబితాలో ఉంది. భారత జట్టు ఆడే కొన్ని రకాల మ్యాచ్‌లు అందులో ఉన్నాయి, ఐపీఎల్ లేదు. అందుకే ఐపీఎల్ ఎవరి ఇంటికి ఏ ధరకు వస్తుందన్నది పూర్తిగా కంపెనీ నిర్ణయం. 2023, 2024లో జియోసినిమాలో ఉచితంగా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రెండు సేవలు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక, ఆ సీజన్ మొత్తం చూడటానికి చందా అవసరమైంది. ఫోను రీఛార్జితో కలిపి ఇచ్చినా చందా చందాయే. కంపెనీ దయతో వచ్చిన ఉచితం కంపెనీ లెక్క మారగానే పోతుంది. ఎవరినీ నిందించకుండానే ఈ పాఠం తీసుకోవచ్చు.

ఐర్లాండ్‌కు కూడా ఇలాంటి జాబితా ఉంది. 1999లో చట్టం చేశారు, కాని జాబితాను వెంటనే రాయలేదు. 2002లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం దేశ జట్టు సొంతగడ్డ మ్యాచ్‌లను స్కైకి అమ్మినప్పుడు దేశమంతా ఆగ్రహించింది. ఆ తరువాతనే, 2003లో, జాబితా పూర్తయింది. అందులో హర్లింగ్, గెయిలిక్ ఫుట్‌బాల్ ఆల్ ఐర్లాండ్ ఫైనళ్లకు రక్షణ దొరికింది. అయితే మీరు రాసిన కార్క్, లిమరిక్ మ్యాచ్ ఫైనల్ కాదు. మే నెలలో జరిగే ప్రాంతీయ పోటీ. కాబట్టి చట్టం మీ మామ్మగారి వంటగది దాకా రాదు. చట్టాన్ని మార్చమని కోరవచ్చు, కాని మీకు అంతకంటే దగ్గర దారి ఉంది. బీసీసీఐకి నేను లేఖ రాస్తే అది లేఖగానే ఉండిపోతుంది. జీఏఏలో మీరు సభ్యురాలు. ప్రసార హక్కుల యజమాని మీ సంఘమే. 2025 నుంచి ఆ ఇంటర్నెట్ సేవకు పూర్తి యజమాని కూడా మీ సంఘమే. కనుక ప్రభుత్వాన్ని బతిమాలే భాష వద్దు. మా సంఘం ఇకపై కుదుర్చుకునే ప్రతి ప్రసార ఒప్పందంలో ఫలానా షరతు ఉండాలి అని, ఆజ్ఞాపించే భాషలో రాయండి. ఆ షరతును అంకెలో చెప్పండి. తగినన్ని మ్యాచ్‌లు అని రాస్తే, తగినన్ని అంటే ఎన్నో అవతలివారే నిర్ణయిస్తారు.


ఉప్పల్ పీఈటీ

తార్నాక మిత్రులు చెప్పిన తేడాను ఒప్పుకుంటున్నాను. కబడ్డీ తెర లేని స్థితి నుంచి తెర మీదికి వచ్చింది, హర్లింగ్ తెర మీది నుంచి పక్కకు జరుగుతోంది, రెండూ ఒకటి కావు. అయినా డబ్బు మాట వదలను. చందా మ్యాచ్‌లు కొన్ని ఉండనివ్వండి. ఏ జట్టూ పూర్తిగా చందాలోకి పోకుండా చూడండి. పిల్లవాడికి ఏడాదికి పది మ్యాచ్‌లు అక్కరలేదు. తన జట్టును రెండుసార్లు చూస్తే మూడోరోజు కర్ర పట్టుకుంటాడు. ఆ రెండు కూడా బడులు నడిచే రోజుల్లో రావాలి. ఫైనల్ నాటికి అన్ని కౌంటీలూ ఇంటికి వెళ్లిపోయి రెండే మిగులుతాయి. మిగతా కౌంటీల పిల్లలకు ఆ ఫైనల్ ఉచితంగా వచ్చినా పరాయి జట్ల ఆటే.


నాచారం కెమిస్ట్

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చివర రాసిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చట్టం ఫైనల్‌ను కాపాడుతోంది, సంఘం కూడా ఫైనల్ ఉచితమే కదా అని చెప్పుకోగలదు. కానీ మా అమ్మాయికి ఆ ఆట మీద ప్రేమ పుట్టినది జులైలో కాదు. మే నెలలో, బడి ఇంకా నడుస్తుండగా, ఆదివారం చూసిన మ్యాచ్‌లోని దెబ్బను సోమవారం బడి గోడకేసి కొట్టి చూసుకున్న రోజుల్లో పుట్టింది. పైగా కార్క్ ఉన్న మన్‌స్టర్ ప్రాంతంలో అయిదు జట్ల పోటీ అంటే ప్రతి కౌంటీకి నాలుగే మ్యాచ్‌లు. అందులో ఏవి చందాలోకి పోతాయన్నదే అసలు విషయం.

కనుక ఇలా రాస్తున్నాను. ఇకపై జీఏఏ కుదుర్చుకునే ప్రతి ప్రసార ఒప్పందంలో, ప్రాంతీయ హర్లింగ్ ఛాంపియన్‌షిప్‌లో ఆడే ప్రతి కౌంటీ మ్యాచ్‌లలో కనీసం రెండు, యాంటెనాతో అందే ఛానెల్‌లో ప్రత్యక్షంగా ప్రసారం కావాలి. లెక్క వేసి చూశాను. మన్‌స్టర్‌లో అయిదు జట్లకు మొత్తం పది మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌లో రెండు జట్లు కనుక, జాగ్రత్తగా ఎంచుకుంటే అయిదు మ్యాచ్‌లతో ప్రతి జట్టుకూ రెండు వస్తాయి. అంటే సగం మ్యాచ్‌లు చందాకు మిగులుతాయి. మాస్టారు కోరిన రాబడికి ఇది పెద్ద దెబ్బ కాదు. చందా సేవ రాబడిలో క్లబ్బులకు ఎంత వెళ్లిందో ఏటా విడిగా ప్రకటించాలని కూడా చేర్చాను. డబ్బు ఆటకే వస్తోందన్న వాదన నిజమైతే దాన్ని చూపించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇంజనీరు గారూ, మిమ్మల్ని అడగవలసిన సందేహం ఒకటి మిగిలింది. చందాలోకి పోయే మిగతా అయిదు మ్యాచ్‌ల మాటేమిటి?


రామంతపూర్ ఇంజనీరు

అదే రాత్రి పూర్తి రికార్డింగు అడగండమ్మా. ప్రత్యక్షంగా చూడాలనుకునేవాడు ఎలాగూ చందా కడతాడు, పది గంటలకు రికార్డింగు వస్తుందని మానుకోడు. ఉచిత ఛానెల్‌కు రాత్రి పూట చోటు దొరకడం కూడా తేలిక. ముఖ్యాంశాలు అని మాత్రం రాయకండి. అరగంట ముక్కల్లో గోల్స్ కనబడతాయి, ఆట కనబడదు. మొదటి నుంచి చివరి దాకా, డెబ్బై నిమిషాలూ, అదే రోజు రాత్రి అని రాయండి.


నాచారం కెమిస్ట్

చేర్చాను. నిన్న రాత్రి ముసాయిదా మొత్తాన్ని మామ్మకు ఫోనులో చదివి వినిపించాను. రికార్డింగు మాటకు సంతోషించారు. అయితే మొదటి పేరాలో నేను, ఇంటర్నెట్ వాడలేని వృద్ధుల కోసం ఈ తీర్మానం అవసరం అని రాసిన వాక్యాన్ని కొట్టేయమన్నారు. తనకు రేడియో ఉందనీ, మైదానంలో డెబ్బై ఏళ్లుగా చూసిన ఆట కాబట్టి రేడియోలో వింటే కళ్లకు కట్టినట్టే ఉంటుందనీ చెప్పారు. ఒక్కసారి కూడా చూడని పిల్లలు రేడియో విని ఏమి ఊహించుకుంటారు, వాళ్ల పేరు రాయి అన్నారు. మా పాత వీధిలో ఇప్పుడు పదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు ఆరు ఉన్నాయట, అందులో చందా కట్టినవి రెండేనట. ఆవిడే ఇంటింటికీ వెళ్లి అడిగి వచ్చారు.

ఆ వాక్యం తీసేసి, ఆ ఆరిళ్ల లెక్కను దాని చోట పెట్టాను. సోమవారం కార్యదర్శికి పంపుతాను. వకీలు గారూ, షరతు భాషలో ఎక్కడైనా సందు మిగిలి ఉంటే ఆదివారం లోగా చెప్పండి.